ఇంటి దగ్గర చూసుకునేవారు

ఉదయం ఏడింటికి ఫోన్ మోగేసరికి ఆమె రెండు చేతులూ సబ్బు నురగలో ఉన్నాయి. మోగుతుందని తెలుసు కాబట్టే ఫోన్‌ని గట్టు మీద, కుళాయి తుంపర పడనంత దూరంలోనూ మోచెయ్యి అందేంత దగ్గరలోనూ పెట్టుకుంది. మణికట్టుతో తెర జరిపింది. "మీరు ఇంటి దగ్గర చూసుకుంటున్న రోగి ఈ పూట మందులు వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి. వేసుకోకపోతే రెండు నొక్కండి" అంది రికార్డు చేసిన గొంతు, ముందుగా రోగి కార్డు నంబరు చెప్పి. అది ఆడగొంతు. మందులు గుర్తుచెయ్యడానికి మగగొంతు పెట్టాలని ఎవరికీ తోచినట్టు లేదు. ఆమె చిటికెన వేలు తువ్వాలుకి తుడుచుకుని ఒకటి నొక్కింది.

ఈ మొదటి కాల్ అత్తగారిది. ఆవిడకి బీపీకి రెండు, షుగర్‌కి రెండు, కిడ్నీకి ఒకటి, మొత్తం అయిదు మాత్రలు ఆరున్నరకే పక్కన కూర్చుని వేయించింది. "నర్సు చేత్తో ఇచ్చినా చేదు చేదే" అని ఆవిడ రోజూ అనే మాట ఈ రోజూ అంది. కాబట్టి ఆ ఒకటిలో అబద్ధం లేదు. అది పెట్టేసిన నిమిషానికి ఇంకో కాల్ వచ్చింది. దానికీ ఒకటి. తర్వాత ఇంకోటి. దానికీ ఒకటే. అలా అరగంటలో పంతొమ్మిది సార్లు మోగింది. ఈలోగా గిన్నెలయ్యాయి, టీ అయింది, భర్త డబ్బాలో అన్నం, కూర సర్దడం అయింది. నడుమ పదిహేడు కాల్సూ ఎవరి గురించో ఆమెకి బాగా తెలుసు. వాళ్ళ మొహాలు తెలుసు, వాళ్ళ కార్డు నంబర్లు తెలుసు. ఈ పూట వాళ్ళు మందులు మింగారో లేదో మాత్రం తెలీదు. పంతొమ్మిదో కాల్‌కి ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఒకటి నొక్కింది. ఆ పంతొమ్మిదో రోగి సంగతి తర్వాత చెప్పుకుందాం.

"నీకింతమంది చుట్టాలున్నారని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదే" అన్నాడు భర్త, పేపర్ మడుస్తూ. ఎనిమిది నెలలుగా ఆయన వేస్తున్న జోకు ఇది. మొదటిసారి ఆమె నవ్వింది కూడా. ఇప్పుడు ఆయన రెండో టీకి, పైఅరలో ఉన్న టీ పొడి డబ్బా కోసం స్టూలెక్కుతూ, ఆయన ఇంకో జోకు నేర్చుకుంటే బాగుండునని మాత్రం అనుకుంది.

అసలు ఇదంతా తొమ్మిది నెలల కిందట, ఒక మంచి ఆలోచనతో మొదలైంది. అంతకుముందు ఆమె పని చేసే ఆరోగ్య కేంద్రంలో షుగర్ వాళ్ళు సోమవారం రావాలి, బీపీ వాళ్ళు బుధవారం రావాలి, కిడ్నీకి పెద్దాసుపత్రికి, కంటికి ఇంకో చోటికి పోవాలి. ఒక్క మనిషికే నాలుగూ ఉంటే ఆ మనిషి నెలకి నాలుగు రోజులు క్యూల్లోనే బతకాలి. ఒక డాక్టరు ఇచ్చిన మాత్ర ఇంకో డాక్టరుకి తెలీదు. సంచీ నిండా చీటీలు, ఆ చీటీలు చదివే దిక్కు లేదు. ఇరవై ఏళ్ళు ఆ సంచీలు విప్పి, చీటీలు వరస పెట్టి, ఏది ఎందుకో విడమరిచి చెప్పింది ఆమే. అందుకే ఈ ప్రాంతంలోని ఆసుపత్రులన్నిటినీ కలిపి, మనిషికి ఒకే కార్డు, ఒకే ఫైలు, అన్ని జబ్బులూ ఒకే చోట చూసే పద్ధతి తెస్తున్నామని చెప్పినప్పుడు అందరికంటే ముందు సంతోషించింది కూడా ఆమే. ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు. ఆమె దాన్ని నమ్మింది.

పై ఆఫీసరు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. రెండు రోజుల ట్రైనింగ్‌లో ఆయన బోర్డు మీద ఒక బొమ్మ గీశాడు. మధ్యలో రోగి, ఒక పక్క డాక్టరు, ఒక పక్క నర్సు, ఒక పక్క మందుల కొట్టు, కింద ఒక ఇల్లు. ఇల్లంటే రెండు గోడలూ ఒక కప్పూ. "నెలకి ఒక గంట రోగి మన దగ్గరుంటే మిగతా కాలమంతా ఇంట్లోనే ఉంటాడు. కాబట్టి ఈ పద్ధతికి అసలు బలం ఇల్లే" అన్నాడు. ఆమె చెయ్యెత్తి, ఇంట్లో ఎవరుంటారండీ అని అడిగింది. ఆయన నవ్వి, ఇంట్లో మనుషులే ఉంటారమ్మా అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ బొమ్మలో ఇంటికి కిటికీ కూడా లేదని, లోపలున్న మనిషి బయటికి కనపడదని ఆమెకి అప్పుడే అనిపించింది. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

ఆ ఇల్లు ఫారంలోకి వచ్చేసరికి ఒక గడి అయింది. 'ఇంటి దగ్గర చూసుకునేవారు' అని దాని పేరు. చుట్టరికం రాయాలి, ఫోన్ నంబరు రాయాలి. ఆమె మూడు నెలల్లో మూడు వందల పన్నెండు ఫారాలు నింపింది. అందులో రెండు వందల ఎనభై చిల్లర ఆడవాళ్ళే. భార్య, కోడలు, కూతురు, తల్లి, మళ్ళీ కోడలు. ఒకాయనైతే నాలుగేళ్ళ కిందట తనని వదిలి వెళ్ళిపోయిన భార్య నంబరు ఇచ్చాడు. ఆవిడ ఫోనెత్తి ఒకటి నొక్కుతోంది కూడా. ఎందుకమ్మా అని అడిగితే, నొక్కకపోతే మళ్ళీ మళ్ళీ మోగుతోందండీ అంది. అత్తగారి ఫారంలో ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఆడపడుచు ఫోన్లోంచే, "అందులో ఆలోచించడానికేముంది వదినా, నువ్వెలాగూ నర్సువి కదా, అమ్మ నీ దగ్గరుంటే మాకు దిగులే లేదు" అంది. ఎవరికీ దిగులు లేకుండా ఉండాలంటే ఒకరు ఆ గడిలో ఉండాలి కాబోలు అనుకుని ఆమె 'కోడలు' అని రాసింది. కొడుకు పక్క గదిలోనే ఉన్నాడు. ఆయన్ని అడగాలని ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ తట్టలేదు.

కొందరికి ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకి కదలదు. ఫారం కదలకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే మందులు లేవు. మొదటి రోజు ఒక ముసలాయన ఆ గడి ముందు ఇరవై నిమిషాలు కూర్చుండిపోయాడు. డాక్టరు గదిలోంచి తొంగి చూసి, "ఏదో ఒక నంబరు వేసి పంపించండి సిస్టర్, బయట క్యూ చూడండి" అన్నాడు. ఆమె తన నంబరు వేసింది. చుట్టరికం దగ్గర 'ఇతరులు' అని పెట్టింది. అలా పదిహేడు మందికి ఆమె 'ఇతరులు' అయింది. వాళ్ళకి మందులైతే అందాయి, ఆ సాయంత్రం మంచిపని చేశాననుకునే ఇంటికి వెళ్ళింది.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సంగతి నెల తిరిగాక తెలిసింది. గడి నిండితే ఆ రోగి పక్కన పచ్చ చుక్క పడుతుంది. పచ్చ చుక్క అంటే ఇంట్లో ఆసరా ఉందని. ఆసరా ఉన్నవాళ్ళ ఇళ్ళకి నర్సు వెళ్ళక్కర్లేదు. ఆసరా లేనివాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలన్నది రూలు. ఆసరా లేనివాళ్ళు కంప్యూటర్లో ఉండటానికి వీల్లేదన్నది కూడా రూలే. అలా ఏ ఇంటికీ వెళ్ళే పని లేక, ఇళ్ళకి తిరిగే ఇద్దరు నర్సుల్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. వరసగా రెండు పూటలు రెండు నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఆ ఇంటికి మనిషిని పంపాలి. కానీ ఒక్కో ఎర్ర చుక్కకీ ఆరోగ్య కేంద్రం సంజాయిషీ రాయాలి. అందుకని రెండు అనే అంకె ఉన్నట్టే అందరూ మర్చిపోయారు.

ఆ పదిహేడు మందిలో కుట్టుపనావిడ ఒకతె. వయసు యాభై దాటింది, పదిహేనేళ్ళ షుగర్, కాలితో తొక్కే మిషను. భర్త పక్షవాతంతో నాలుగేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఆయన ఫారంలో ఆ గడి చిటికెలో నిండింది, భార్య అని. ఆవిడ ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడా ఈమే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నన్నా? నన్నెవరు చూస్తారమ్మా, పొద్దున్నే మొహం కడుక్కుంటే అద్దం చూస్తుంది" అని ఆవిడ పకపకా నవ్వింది. నవ్వాక ఎందుకో రెండు పాదాలూ కుర్చీ కిందికి లాక్కుంది. ఆమె తన నంబరు వేసి, నేను వచ్చి చూస్తుంటాలే అని మాటిచ్చింది.

రెండు నెలలు మాట నిలబెట్టుకుంది. డ్యూటీ అయ్యాక ఒక స్టాపు ముందే దిగి, ఆ ఒంటిగది ఇంట్లో మిషను పక్కన నేల మీద కూర్చుని ఆవిడ పాదాలు తిప్పి చూసేది, వేళ్ళ సందుల్లో చూసేది, మొద్దుబారిన చోట పెన్ను చివరతో తాకి తెలుస్తోందా అని అడిగేది. ఇంటికి అరగంట ఆలస్యం అయ్యేది. తర్వాత అత్తగారు బాత్‌రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. "ఊరందరి కాళ్ళూ పట్టుకుని చూస్తావు, ఇంట్లో ముసలావిడ లేవలేక పడుంటే తెలీదు" అన్నాడు భర్త. అది కోపంగా అన్న మాట కాదు, నిట్టూరుస్తూ అన్నాడు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మర్నాటి నుంచి ఆమె తన స్టాపులోనే దిగింది. కుట్టుపనావిడ కూడా భర్తని వదిలి రాలేక, పొరుగావిడ చేత కార్డు పంపి మందులు తెప్పించుకునేది. ఈమె ఏడు నెలలు ఆ నంబరుకి పొద్దున్నా సాయంత్రమూ ఒకటి నొక్కింది.

మూడు వారాల కిందట పొరుగావిడే కుట్టుపనావిడని ఆటోలో ఆరోగ్య కేంద్రానికి వేసుకొచ్చింది. కుడికాలికి చుట్టిన గుడ్డపీలికలు ఆమే విప్పింది. కుట్టుపనిలో మిగిలిన ముక్కలవి, రకరకాల పువ్వులు, గళ్ళు, పొర మీద పొర. ఆఖరి పొర విప్పకముందే వాసన వచ్చింది. బొటనవేలి కింద, మిషను పెడలు అంచు ఒరుసుకునే చోట, గుంట పడింది. లోపల ఎముక కనిపిస్తోంది. "నొప్పే లేదమ్మా, నొప్పుంటే వచ్చేదాన్ని కదా" అంది ఆవిడ, తప్పు చేసిన పిల్లలా. పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

అక్కడి డాక్టరు కొత్త పద్ధతి ప్రకారం ఒక్క మీట నొక్కి ఆవిడ చరిత్రంతా తెర మీదికి తెచ్చుకున్నాడు. ఏడు నెలలూ పచ్చ చుక్కలే. ఒక్క పూట మందు తప్పలేదు, ఇంట్లో చూసుకునే మనిషి ఉంది. ఇంత చక్కగా ఉంటే పుండు ఇంతదాకా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయి, ఇంకో దారి లేక, 'రోగి నిర్లక్ష్యం' అని రాశాడు. ఆ రెండు మాటలు పడ్డ మనిషి పెట్టుడుకాలు జాబితాలో అడుగుకి పోతుంది. ఏడాది పాటు బుద్ధిగా మందులు వేసుకున్నట్టు రుజువైతే గాని మళ్ళీ పైకి రాదు. కాలు లేకపోతే మిషను లేదు. మిషను లేకపోతే ఆ ఒంటిగదిలో ఇద్దరికి ఏముంటుందో ఆలోచించడానికి కూడా ఆమెకి భయం వేసింది.

ఇప్పుడు పంతొమ్మిదో రోగి సంగతి. నలభై దాటిన ఉద్యోగులందరూ పరీక్షలు చేయించుకోవాలని కిందటి వారం ఉత్తర్వు వచ్చింది. లాబ్‌లో పనిచేసే అమ్మాయి బీపీ పట్టీ రెండుసార్లు కట్టి, మూడోసారి కూడా కట్టి, కాగితం ఆమె చేతిలో పెట్టింది. బీపీ నూట ఎనభై, షుగర్ కూడా ఉంది. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆ సాయంత్రం ఫారం ఇంటికి తెచ్చుకుని, ఆ గడి దగ్గర ఆగి, భర్తని నంబరు వెయ్యనా అని అడిగింది. ఆయన టీవీ గొంతు తగ్గించాడు. అది ఆయన గౌరవం ఇచ్చే పద్ధతి. "నా నంబరా? మీటింగులో ఉండగా మోగితే ఎలా? అయినా నువ్వు మందు వేసుకున్నావో లేదో నాకేం తెలుస్తుంది, నీకే కదా తెలిసేది. నీ నంబరే వేసేసుకో" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, చివరికి పని మాత్రం ఆమె మీద ఉంటుంది. ఆమె తన నంబరే వేసుకుంది. చుట్టరికం దగ్గర 'స్వయంగా' అనే మాట లేదు. వెతికి వెతికి, తనకి తానే 'ఇతరులు' అని పెట్టుకుంది. మాత్రలు బ్యాగులోనే ఉన్నాయి. వేసుకునే పూటకి ఎప్పుడూ ఇంకేదో పని అడ్డొస్తుంది.

ఆ రోజు డ్యూటీకి వెళ్ళేసరికి పై ఆఫీసరు వచ్చి ఉన్నాడు. ఈ ప్రాంతం మొత్తంలో ఒక్క ఎర్ర చుక్క కూడా లేనిది వీళ్ళ ఆరోగ్య కేంద్రమేనట. మర్నాడు పదింటికి సభ, బయటినుంచి పెద్దవాళ్ళు వస్తారు, ఆమె వేదికెక్కి అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో ఆయనే రాసి తెచ్చాడు. 'మా కేంద్రంలో ప్రతి రోగి వెనకా ఒక ఇల్లు ఉంది' అని మొదలవుతుంది అది. ఆమె కాగితం పట్టుకుని, సార్, నాదొక పొరపాటుంది అని మొదలుపెట్టింది. మీలాంటివాళ్ళు పది మంది ఉంటే చాలమ్మా అని ఆయన ఆమె భుజం దాకా చెయ్యి తెచ్చి, మర్యాదగా వెనక్కి తీసుకుని, కుర్చీలు సరిపోతాయో లేదో చూడటానికి వెళ్ళిపోయాడు.

తమ కేంద్రం డాక్టరుకి మాత్రం తలుపు వేసి మరీ చెప్పింది. ఆయన విన్నాడు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, "మీరు మంచితనంతోనే చేశారు సిస్టర్. కాదనను. ఇప్పుడు రాసిస్తే మీకు మెమో వస్తుంది, అది సరే. మీ నంబరు తీసేస్తే ఆ పదిహేడు మంది కార్డులు ఆగిపోతాయి, వాళ్ళకి మందులెలా?" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆ పదిహేడు మంది నోటి దగ్గర మందు పోతుంది, చెప్పకపోతే వాళ్ళ పాదాలు చూసే దిక్కుండదు. ఏమీ తోచక ఆమె మధ్యాహ్నమంతా డ్రెస్సింగులు కట్టింది. ఇరవై ఏళ్ళుగా ఏమీ తోచనప్పుడల్లా ఎవరికో ఒకరికి కట్టు కడుతూనే ఉంది.

సాయంత్రం ఆమె తన బస్సు ఎక్కలేదు, పెద్దాసుపత్రి బస్సెక్కింది. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద కుట్టుపనావిడ దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క బల్లపరుపుగా పడుకుని ఉంది. ఆమెని చూడగానే లేచి కూర్చోబోయి, కాలు ఆనించాలని చూసి, లేదని గుర్తొచ్చి ఆగింది. ఇద్దరూ ఆ సంగతి చూడనట్టే ఊరుకున్నారు. ఆవిడ పొరుగావిడ గురించి చెప్పింది, భర్తకి ఆవిడే రెండు పూటలా ఇంత పెడుతోందని, ఎన్నాళ్ళు పెడుతుందని. నిర్లక్ష్యం అని రాశారటగా అని అడిగింది. నేను ఎప్పుడూ మందు మానలేదమ్మా, ఎప్పుడైనా ఆయనకి తక్కువొస్తే నావి ఒకటీ అరా ఇచ్చానేమో, అంతే అంది. ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు ఏడయింది.

రెండు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఒకటి ఆమె బ్యాగులో, ఒకటి ఆవిడ దిండు కింద. ఆవిడ తన ఫోన్ తీసి, చెవి దగ్గర పెట్టుకోకుండానే ఒకటి నొక్కి, మళ్ళీ దిండు కింద పెట్టేసింది. అంతా అలవాటైన చేత్తోనే. "ఆయనదమ్మా. ఆయన ఫారంలో చూసుకునేది నేనే కదా. ఇక్కడున్నానని చెప్తే ఆయన మందులు ఆపేస్తారేమోనని నొక్కేస్తున్నాను. తప్పంటారా?" అంది.

కాలు తీసిన మర్నాడు పొద్దున్న ఏడింటికి కూడా ఆవిడ ఒకటి నొక్కి ఉంటుంది. నెలలుగా ఈ ప్రాంతమంతటా, ఏడింటికి, ఎంతమంది ఆడవాళ్ళు తడి చేతులతో, జ్వరాలతో, ఆసుపత్రి మంచాల మీద నుంచి ఒకటి నొక్కుతున్నారో. ఆ ఒకట్లన్నీ కలిసి పైన ఎక్కడో ఒక పెద్ద పచ్చటి పటం అవుతున్నాయి. రేపు పదింటికి ఆ పటం కింద నిలబడి తను చదవాలి. ఏడుపు వచ్చింది కానీ వార్డులో ఏడవడం ఆమెకి చేతకాదు, వార్డులో ఆమె ఎప్పుడూ సిస్టరే.

ఆమె ఫోన్ ఇంకా మోగుతోంది. మొదటి కాల్ అత్తగారిది. సాయంత్రం మాత్రలు ఇవ్వాల్సిన మనిషి ఇక్కడుంది కాబట్టి, ఇవ్వలేదు. ఆమె రెండు నొక్కింది. తర్వాత వచ్చిన ఒక్కోదానికీ, తెలీదు అని నొక్కడానికి అంకె లేదు కాబట్టి, రెండు నొక్కింది. ఏడో కాల్‌కి గొంతు చెప్పిన కార్డు నంబరు కుట్టుపనావిడది. ఆమె ఫోన్ చేత్తో మూసి, "ఈ పూట మందులు వేసుకున్నావా?" అని అడిగింది.

"ఇంకా ఇవ్వలేదమ్మా" అంది ఆవిడ. తర్వాత ఆమె మొహంలోకి చూసి, "ఎనిమిదింటికి ఇస్తారు. ఎందుకు?" అంది.

ఏడు నెలల్లో ఆ ప్రశ్న ఆవిడని అడగడం ఇదే మొదలు. ఆమె ఎందుకో చెప్పింది. తన నంబరు సంగతి, ఏడు నెలల సంగతి, ఏమీ దాచకుండా చెప్పింది. ఆవిడ చాలాసేపు దుప్పటి అంచు మడతలు పెట్టింది, కుట్టడానికి ముందు మడిచినట్టు. తిడుతుందనుకుంది. తిట్టలేదు. "మీరు రానప్పుడు, ఇంట్లో ఏదో ఉండి ఉంటుందిలే అనుకున్నానమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారి మాత్రలు ఎక్కడివక్కడే ఉన్నాయి. భర్త నాలుగుసార్లు ఫోన్ చేశాడట, లైను ఖాళీ లేదట. నీలం డబ్బాలో సాయంత్రం అని రాసి ఉన్న అర ఏదో ఆయనకి తెలియలేదట. తొమ్మిది నెలలుగా ఆ డబ్బా టీవీ పక్కనే ఉంది. ఆమె మాత్రలు వేసి, వంట చేసి, పడుకుంది.

మర్నాడు ఏడింటికి అత్తగారికి ఒకటి నొక్కింది, ఎందుకంటే అది నిజం. మిగతా పద్దెనిమిదికీ రెండు నొక్కింది. ఎనిమిదింటికి, స్టూలెక్కి పైఅరలో డబ్బా అందుకుంటూ ఉండగా, పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి రికార్డు గొంతు కాదు. ఎవరో చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది, గొంతులో కంగారు ఉంది.

"మేడమ్, మీ సెంటర్లో ఒక్కసారే పద్దెనిమిది ఎర్ర చుక్కలు పడ్డాయి. అన్నీ మీ నంబరు మీదే. పొరపాటున నొక్కారా? పదింటికి సభ ఉందట, ఈలోగా సరిచెయ్యమంటున్నారు."

"పొరపాటు కాదమ్మా. ఇన్నాళ్ళూ ఒకటి నొక్కింది పొరపాటు. పద్దెనిమిది మందిలో ఒకావిడ పెద్దాసుపత్రిలో ఉంది. ఆవిడ కాగితాల్లో రోగి నిర్లక్ష్యం అని రాశారు. అది ఆవిడది కాదు, నాది. అక్కడ నా పేరు రాసుకో. మిగతావాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపండి, పాదాలు చూడమనండి."

"అది మార్చే అధికారం నాకు లేదు మేడమ్" అంది ఆ పిల్ల. మీటలు టకటకా కొడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, "మేడమ్, ఒకటి అర్థం కావట్లేదు. ఈ పద్దెనిమిదో కార్డులో రోగి నంబరు, చూసుకునేవారి నంబరు ఒకటే ఉంది. ఎవరు మేడమ్ ఈవిడ?"

"నేనే."

"అయ్యో. మరి మిమ్మల్ని ఇంటి దగ్గర చూసుకునేది ఎవరు మేడమ్? అది చెప్పండి, మార్చేస్తాను."

హాల్లో భర్త పేపర్ తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. టీ అయిందా అని అడిగాడు. అత్తగారు గదిలోంచి దుప్పటి జారిపోయిందని పిలుస్తోంది.

"ఎవరూ లేరు" అంది ఆమె.

"అలా రాయడానికి లేదు మేడమ్. ఖాళీగా వదిలితే ముందుకి కదలదు."

"తెలుసమ్మా, నేనే నింపాను అవన్నీ. కదలకపోతే కదలనివ్వకు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు. నేను లైన్లోనే ఉంటాను."

ఆ పిల్ల ఎవర్నో పిలవడానికి వెళ్ళినట్టుంది, ఫోన్లో ఏదో వాయిద్యం మొదలైంది. ఎవరైనా వస్తారో, ఆ వాయిద్యమే సాగుతుందో, సభకి తను వెళ్తుందో, వెళ్తే ఏమవుతుందో ఆమెకి ఏమీ తెలీదు. స్టూలు దిగి, బ్యాగులోంచి తన మాత్ర తీసి నోట్లో వేసుకుంది. అది చేదుగా ఉంది, అత్తగారు రోజూ నిజమే చెప్తోందన్నమాట. టీ అయిందా అని హాల్లోంచి మళ్ళీ వినిపించింది. ఆమె స్టూలుని గోడ పక్కకి లాక్కుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ వంటగదిలో ఆ స్టూలు ఎక్కడానికే గాని కూర్చోవడానికి కూడా పనికొస్తుందని ఆమెకి తెలీదు.